ఒక వేలు కింద

గంట పడుతుంది కూర్చోండమ్మా అన్నాడు పరీక్ష చేసే అతను, తల తిప్పకుండానే. కూర్చున్నాను. ముప్పై ఎనిమిదేళ్లు ఆగినదాన్ని, నాకీ గంట ఒక లెక్కా. ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు పొట్టి, కాస్త కదిలితే చాలు టక్కుమంటోంది, అందుకని కదలను. వణుకుతున్నాననుకుంటారు. అనుకోనివ్వను. ఒళ్లో చేతిసంచి, సంచిలో పాత తువ్వాలు ముక్కలో చుట్టిన తొమ్మిది పంచ్‌లు, ఇనుము మీద అంకెలు కొట్టేవి, ఒక్కొక్కటీ వేలెడంత ఉక్కు కడ్డీ, సున్నా నుంచి ఎనిమిది దాకా. తొమ్మిదికి విడిగా పంచ్ ఉండదు, ఆరుని తలకిందులు చేసి కొట్టడమే. ఆ సంగతి ఈ గదిలో నాకూ అతనికీ తెలుసు, ఆవిడకి తెలియదు. ఆవిడ కారుకి అటువైపు చేతులు కట్టుకుని నిలబడి ఉంది, వకీలు గారి కూతురు, నా ఈడుదే, కళ్లజోడుకి గొలుసు. వాళ్ల నాన్న పోయాక కారు ఆవిడ చేతికొచ్చింది. పాత కార్ల సంఘం వాళ్ల ప్రదర్శనశాలకి ఇచ్చేద్దామనుకుంది. ఇంజను అసలుదో కాదో తేలాకే తీసుకుంటామని వాళ్లు ఇతన్ని పంపారు. అసలుదో కాదో. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. అసలుది కాకపోతే మార్చినవాడు మా నాన్న. మంచి ఇంజను తీసి అమ్ముకుని, ఏదో పాతది తెచ్చి బిగించి, దాని మీద దొంగ నంబరు కొట్టాడు. ఇదీ మా నాన్న గురించి జనం చెప్పుకున్న కథ. ఆయన పోయి పదకొండేళ్లు అయినా కథ పోలేదు, కథలకి గుండెపోటు రాదు కదా.

దూది మీద ఆసిడ్ పోశాడు, పుల్లకి చుట్టిన దూది, చెవి శుభ్రం చేసుకునేటంత చిన్నది. ఘాటు ఇక్కడిదాకా వచ్చింది. బానెట్టు తీసి గోడకి ఆనించారు, ముదురాకుపచ్చ రంగు, అంచుల్లో పొరలు లేచిపోయింది. పైన ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి నా వైపు రావడం లేదు. ఇంజను బ్లాకు అంచున, హెడ్డు, అంటే ఇంజను పైమూత, కూర్చునే ముఖానికి సమంగా, బయటికి ఒక చిన్న పీట ఉంటుంది, మూడు వేళ్ల వెడల్పు. నంబరు ఉండేది దాని మీదే. నాలుగు, ఒకటి, ఏడు, మూడు, తొమ్మిది, ఆరు. కారు పుస్తకంలోనూ అదే నంబరు, అందులో తేడా లేదు. తేడా ఎక్కడంటే, ఆ అంకెలు కంపెనీ మిషను కొట్టినవి కావు, చేత్తో కొట్టినవి, ఏడు కొంచెం ఎడమకి ఒరిగింది, మూడు తోక విరిగింది, పైగా వరస ఉండాల్సిన చోట లేదు, ఒక వేలు కిందికి ఉంది. ఇవన్నీ ఇందాక భూతద్దం పెట్టి చూసి ఆవిడకి ఒక్కొక్కటే చెప్పాడు, నేను వినడం లేదనుకుని గొంతు తగ్గించి. నేను విన్నాను. ముప్పై నాలుగేళ్లు ఫ్యాక్టరీ టూల్ రూమ్‌లో పనిచేసిన చెవులివి, పక్క మిషను గొణుగుతుంటే నా మిషను ఏమంటోందో వినగలిగినవి. నాలుగు, ఒకటి, ఏడు, మూడు, తొమ్మిది, ఆరు, మా ఇంటి గుమ్మం మీద నంబరు మరిచిపోయినా ఇది మరిచిపోను. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎందుకంటే వాటిని కొట్టింది మా నాన్న కాదు.

అది ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెబుదామనే వచ్చాను. ఎప్పుడు చెప్పాలో తేల్చుకోలేక కూర్చున్నాను. ముందు ఆసిడ్ చెప్పనీ.

ఆసిడ్ ఏం చెబుతుందో అతను నాకు వివరించాడు, నాకు తెలియదనుకుని, పోనీలే అని తలాడించాను. కంపెనీలో నంబరు కొట్టినప్పుడు అంకె కింద ఇనుము నలుగుతుంది. పైపొర అరగదీస్తే అంకె పోతుంది, కింద నలిగిన ఇనుము పోదు. నున్నగా రుద్ది ఆసిడ్ పూస్తే నలిగినచోట ఒకలా, నలగని చోట ఒకలా తింటుంది, పాత అంకె నీడలా తేలుతుంది, తడి ఆరితే మాయమవుతుంది, మళ్లీ తడపాలి, ఓపిక కావాలి. ఈ చిట్కా మా నాన్న రోజుల్లో ఏ షెడ్డులోనూ ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే ఆయనే ఆ కారు ముందు సీసా పట్టుకుని నిలబడేవాడు, రండి, అందరూ రండి, చూడండి అని. నేను తెలుసుకున్నది యాభై దాటాక, ఒక సహోద్యోగి దగ్గర. ఆ రోజు మధ్యాహ్నం నుంచి నా చేతికి పని సాగలేదు. అప్పటికే నాన్న పోయి ఏడాది.

మొదటి తడికి ఏమీ తేలలేదు, మళ్లీ రుద్దుతున్నాడు. సన్న గరుకు కాగితం, గుండ్రంగా కాదు, ఒకే దిక్కుకి. ఫరవాలేదు, పని వచ్చినవాడే. నాన్న కూడా అంతే, ఒకే దిక్కు, గుండ్రంగా రుద్దేవాళ్లని చూస్తే చేతిలో కాగితం లాక్కునేవాడు. మా షెడ్డు పెద్దదేమీ కాదు, రెండు కార్లు దూరితే మూడోదానికి నమస్కారం పెట్టాల్సిందే, ఓ లేతు, ఓ డ్రిల్లు, బల్లకి బిగించిన వైసు, వెనక గది మా ఇల్లు. నాకు ఇరవై మూడు. లేతు నాది. ఆడపిల్ల లేతు మీద పని చేస్తోందని కొందరు నవ్వుతూ చూసేవాళ్లు, వాళ్ల బోల్టు నేను తిప్పి ఇచ్చాక డబ్బులిచ్చేటప్పుడు మాత్రం నాన్న వైపు తిరిగేవాళ్లు. వకీలు గారి కారు ఆ వేసవిలో వచ్చింది, ఆవిర్లు కక్కుతూ, తాడు కట్టి లాక్కొచ్చారు. నీళ్లు చూసుకోకుండా ఎక్కడినుంచో ఏకబిగిన నడుపుకుంటూ వచ్చాడు మహానుభావుడు. హెడ్డు వంగింది, బ్లాకు ముఖం కూడా కాస్త వంగింది. నాన్న స్కేలు నిలబెట్టి కింద వెలుతురు ఎంత కనిపిస్తోందో వకీలు గారికి చూపించాడు. ముఖం గ్రైండింగు చేయించాలి, దాంతోపాటు నంబరు పీట కూడా అరుగుతుంది, ముందే నంబరు అద్దకం తీసుకుని తర్వాత అదే నంబరు కొడతాం, అందరూ అలాగే చేస్తారు అని చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. వకీలు గారు గడియారం చూసుకుంటూ, నీ పని నీదే మేస్త్రీ, నాకెందుకివన్నీ అన్నాడు. ఆ తర్వాత అసలు నాకా మాటే చెప్పలేదన్నాడు. చెవిన పడినదీ చెవిన వేసుకున్నదీ ఒకటి కాదు కాబట్టి, ఆయన పూర్తిగా అబద్ధమాడాడని కూడా అనలేను. అనాలని మాత్రం చాలా ఉంది.

అద్దకం నేనే తీశాను. పలచటి కాగితం పీట మీద పరిచి, పెన్సిలు పక్కకి వాల్చి రుద్దితే అంకెలు తెల్లగా లేస్తాయి. చక్కటి అంకెలు, కంపెనీవి, వరసగా బడిపిల్లల్లా నిలబడినవి. ఆ కాగితం వైసు పైన గోడకి గ్రీజుతో అతికించాం. ఆ కాగితం ఉంటే ఈ గొడవే ఉండేది కాదు అనుకునేదాన్ని చాలా ఏళ్లు, కాదు, ఉన్నా ఉండేదే, కాగితం మీద పెన్సిలు ఎవరైనా రుద్దగలరు అనేవాళ్లు. అది కూడా వకీలు గారి చేతికే ఇచ్చాడు నాన్న, ఇదిగో చూడండని. మళ్లీ వెనక్కి రాలేదు.

అతను ఏదో అన్నాడు. నాతో కాదు, తనలో తను. ఆవిడ ముందుకి వంగింది. నేను వంగలేదు. నా మెడ నాది, నేను చెప్పినప్పుడే వంగుతుంది. "ఒక నిలువు గీత తేలుతోంది," అన్నాడు. నిలువు గీతంటే నాలుగు కావచ్చు, ఒకటి కావచ్చు, గ్రైండింగు రాయి గీత కూడా కావచ్చు. దూది మార్చాడు. పట్టనీ, ఎంతసేపైనా.

ఇప్పుడు ఆ విషయం రాబోతోంది, నేను ఆపినా ఆగదు. నేను కొట్టాననేది ఒక విషయం, దాన్ని ఎవరి ముందైనా తల ఎత్తి చెబుతాను. కానీ దాని వెనక ఇంకొకటి ఉంది, దాన్ని నాకు నేనే ఎప్పుడూ పూర్తిగా చెప్పుకోలేదు, సగంలో లేచి ఏదో పని చేసుకునేదాన్ని. గ్రైండింగు చేసే మిషను మాకు లేదు. రెండు వీధుల అవతల ఉండేది, బ్లాకు అక్కడికి పంపాం. పూర్తయ్యే రోజుకి నాన్నకి జ్వరం, కంబళి కప్పుకుని వెనక గదిలో పడుకున్నాడు, తెచ్చేది నేనే. తోపుడు బండి తోసుకుని వెళ్లాను. గ్రైండింగు షాపతనికి ఒక చెవి వినిపించదు, రెండోది వినాలనుకుంటేనే వినిపిస్తుంది. నేల మీద బ్లాకులు వరసగా ఉన్నాయి, అవే కంపెనీవి ఐదు, ఆ రోజుల్లో ట్యాక్సీల వాళ్లంతా అదే ఇంజను వాడేవాళ్లు. ఐదూ నున్నగా గ్రైండింగు అయిపోయినవే, ఐదింటికీ నంబర్లు పోయినవే. సుద్దముక్కతో వేసిన గుర్తులు నూనెలో కొట్టుకుపోయాయి. మాది ఏదండీ అని అడిగాను. గడ్డం ఎత్తి చూపించాడు. అటువైపు రెండున్నాయి. ఇదా అన్నాను. ఆ అన్నాడు. ఇంకొకసారి అడగాల్సింది. అడగలేదు. అక్కడ కూర్చున్న డ్రైవర్లు నన్ను చూసి నవ్వుతున్నారు, ఆడపిల్ల వచ్చింది బ్లాకు మోయడానికి అని, నాకు ఉక్రోషం వచ్చింది, తొందరగా బండికెత్తించుకుని వాళ్ల ముందు నుంచే తోసుకొచ్చేశాను. మాదే తెచ్చానా, మరొకరిది తెచ్చానా. ముప్పై ఎనిమిదేళ్లుగా నా దగ్గర జవాబు లేదు. ఆ డ్రైవర్ల ముందు బింకంగా కనబడాలని నేను తప్పు బ్లాకు మోసుకొచ్చి ఉంటే, మా నాన్నని దొంగని చేసింది వకీలు గారు కాదు.

నాన్న జ్వరంలోనే లేచి వచ్చాడు. సిలిండరులో చెయ్యి పెట్టి లోపలంతా తడిమాడు, నాలుగు సిలిండర్లూ, కళ్లు మూసుకుని. మనదే అన్నాడు. మరి ఆయన చేతికి జ్వరం. ఆ చెయ్యి నా నుదుటి మీద పెడితే నాకే కాలింది. ఆ చేతిని నమ్మాలా, ఆ జ్వరాన్ని నమ్మాలా.

"నాలుగు," అన్నాడు పరీక్ష అతను. ఫోను పెట్టి ఫొటో తీశాడు. "పక్కన ఒకటి. నాలుగు, ఒకటి. స్పష్టంగా ఉన్నాయి." ఆవిడ ముఖం నా వైపు తిరిగింది, నవ్వబోయింది. నేను నవ్వలేదు. ఆ కంపెనీ ఈ కారు తయారైన రోజుల్లో చేసిన ప్రతి ఇంజనూ నాలుగు ఒకటితోనే మొదలవుతుంది, ట్యాక్సీలవి కూడా. అతనికీ తెలుసనుకుంటాను, అందుకే తొందరపడలేదు. పక్కన స్టూలు మీద నీళ్ల సీసా ఉంది, వాళ్లదే. అడగను.

కొట్టిన రోజు. నాన్న పీట మీద రెండు గీతలు గీశాడు, వణికే చేత్తోనే, అయినా సూటిగా. పై గీతకి గైడు పట్టీ బిగించాలి, పట్టీకి ఆనించి ఒక్కో పంచ్ నిలబెట్టి కొట్టాలి. కింది గీత పీట అంచు ఎంత ఒరిగిందో చూసుకోవడానికి. చెప్పి వెళ్లి పడుకున్నాడు. నేను పట్టీ కింది గీతకి బిగించాను. ఎందుకంటే ఏం చెప్పను, బుర్రలో ఆ రెండు బ్లాకులే తిరుగుతున్నాయి, ఇదా అదా, ఇదా అదా. నాలుగు కొట్టాను, ఒకటి కొట్టాను, ఏడు ఒరిగింది, మూడు పంచ్‌కి తోక ఎప్పుడో విరిగింది, దాంతోనే కొట్టాను, తొమ్మిది, దాన్నే తిప్పి ఆరు. పట్టీ విప్పాక చూస్తే పైన చోటంతా ఖాళీగా ఉంది. సాయంత్రం నాన్న చూశాడు. ఒక వేలు కిందికి కొట్టావు తల్లీ అన్నాడు. మళ్లీ గ్రైండింగు చేయిద్దామా అన్నాను. ఇంకో పొర తీస్తే ముఖం మరీ పలచనైపోతుంది, బ్లాకు పాడవుతుంది. అంకెల కోసం ఇంజనుని చంపుకుంటామా, వదిలెయ్ అన్నాడు. వదిలేశాం. ఇంజను బ్రహ్మాండంగా నడిచింది. వకీలు గారు ఏడాదిన్నర హాయిగా తిరిగాడు, ఒక్క మాట లేదు. కారు అమ్ముదామనుకున్నాక, కొనేవాడి తాలూకు మనిషి బానెట్టు ఎత్తి, వంకర అంకెలు చూసి పెదవి విరిచాక, అప్పుడు వచ్చింది మాట.

ముగ్గురు వచ్చారు షెడ్డుకి. వకీలు గారు, కొనబోయిన పెద్దమనిషి, ఆ పెదవి విరిచినవాడు. వీధిలో టైరు షాపు వాళ్లూ టీ బడ్డీ వాళ్లూ చేరారు. నేను లేతు దగ్గర ఉన్నాను, మిషను ఆపాను, చక్రం ఇంకా తిరుగుతోంది. ఈ నంబరు ఎవరు కొట్టారు మేస్త్రీ అన్నాడు వకీలు గారు, నిదానంగా, కోర్టులో అడిగినట్టు. పదిహేను రోజుల్లో నాకు ఫ్యాక్టరీలో పరీక్ష ఉంది, టూల్ రూమ్‌కి, అక్కడ అప్పటిదాకా ఆడమనిషిని తీసుకోలేదు, దరఖాస్తు ఇవ్వడానికే రెండేళ్లు పోట్లాడాను. నాన్న నా వైపు చూడలేదు. చూస్తే తెలిసిపోతుందని చూడలేదు. "నేనే," అన్నాడు. అంతే. ఒక మాట. నేను నోరు తెరవలేదు. చక్రం ఆగింది. నేను అప్పుడు నోరు తెరవలేదు.

పరీక్ష ప్యాసయ్యాను. అందరూ సంతోషించారు.

తర్వాత ఎవరూ కారు తేలేదు. పోలీసులూ కేసులూ ఏమీ లేవు, అంత శ్రమ ఎందుకు, మాట చాలు. నా షెడ్డుకి పంపండి, బ్లాకు విప్పి చేత్తో తడిమి చెబుతాను అని నాన్న కబురు పెట్టాడు, పంపలేదు. ఒకరోజు పొద్దున చూస్తే షెడ్డు తలుపు మీద బొగ్గుతో ఇంజను దొంగ అని రాసి ఉంది. అమ్మ బకెట్టుతో బయల్దేరింది. నాన్న ఆపాడు, రాసినవాడే వచ్చి తుడవాలి అన్నాడు. ఎవరూ రాలేదు, ఆయనా తుడవలేదు, రెండు వానలు తుడిచాయి. అప్పటిదాకా రోజూ ఎనిమిదింటికి ఉతికిన చొక్కా వేసుకుని ఆ తలుపే తెరిచేవాడు. పని లేదు. వైసులో ఒక ఇనుప ముక్క బిగించి ఆకురాయితో రుద్దేవాడు, ఆరు ముఖాలూ సమంగా వచ్చేదాకా, వచ్చాక పక్కన పెట్టి ఇంకోటి. వీధిలో పోయేవాళ్లకి ఆకురాయి చప్పుడు వినబడాలని. ఆ చప్పుడు వింటూ నేను ఫ్యాక్టరీకి వెళ్లేదాన్ని, ఆ చప్పుడు వింటూ వచ్చేదాన్ని. చివరికి నీళ్ల మోటార్లూ కుట్టు మిషన్లూ వచ్చాయి, కార్లు మాత్రం రాలేదు. అమ్మ అయితే కూరగాయలకి వెళ్లే దారే మార్చింది. దగ్గర దారి మానేసి, చుట్టు తిరిగి, వకీలు గారి ఇంటి ముందు నుంచే వెళ్లేది, వాళ్ల గేటు దగ్గరికి రాగానే చెప్పు పట్టీ ఊడేది. ప్రతిసారీ ఊడేది. వంగి, తీరిగ్గా పెట్టుకుని, తల ఎగరేసి వచ్చేది. ఎందుకమ్మా అంటే, మనం ముఖం చాటేసుకుంటే వాళ్లు చెప్పిందే నిజమైపోతుందే, నా కాళ్లు నొప్పెడితే నొప్పెట్టనీ అనేది. ఆ గేటు లోపలి పిల్లే ఈవిడ. అమ్మ చెప్పు సంగతి ఈవిడకి గుర్తుందో లేదో. అడుగుతానేమో.

నాకు కోపం చల్లారలేదు, చల్లార్చుకోను కూడా. ఈ మధ్య అందరూ అదే చెబుతారు, వయసొచ్చింది, వదిలెయ్ అని. నిన్న మా ఆయన కూడా అదే, ఎందుకొచ్చిన గొడవ, ఇప్పుడెవరికి గుర్తుంది అదంతా అన్నాడు. నాకు అన్నాను. సంఘం అతను పాత వీధిలో వాకబు చేస్తే టైరు షాపువాళ్లు నా ఫోను నంబరిచ్చారట. ఫోను చేసి, ఆ ఇంజను చివరగా విప్పిన మెకానిక్ తాలూకు ఎవరైనా ఉంటే మాట్లాడాలి అన్నాడు. మెకానిక్ తాలూకు. నేను వస్తున్నాను అన్నాను. టూల్ రూమ్‌లో నేను చేరిన మొదటి వారం నా బల్ల మీద ఎవరో గాజులు పెట్టి వెళ్లారు, నేను వాటి కొలతలు తీసి, ఎంత వంకరగా ఉన్నాయో కాగితం మీద రాసి, కాగితంతో సహా నోటీసు బోర్డుకి వేలాడదీశాను. మళ్లీ ఎవరూ ఏమీ పెట్టలేదు. ముప్పై నాలుగేళ్లలో కొన్ని వేల నంబర్లు కొట్టాను, ఒక్క వరస గీత తప్పలేదు. పట్టీ బిగించిన ప్రతిసారీ రెండుసార్లు చూసేదాన్ని. జాగ్రత్తపరురాలు అని మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకున్నప్పుడల్లా షెడ్డులో ఆకురాయి చప్పుడు వినబడేది.

"ఇది ఏడా, ఐదా," అంటున్నాడు. పై అడ్డగీత మాత్రమే తేలిందట. ఐదైతే ట్యాక్సీ వాళ్లది. ఐదైతే ఇరవై మూడేళ్ల ఆడపిల్ల ఉక్రోషం ఒక మనిషి బతుకుని తినేసింది. లేచాను. కుర్చీ టక్కుమంది, అననీ. కారు దగ్గరికి వెళ్లాను. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత నా అంకెల్ని చూశాను, నల్లగా, వంకరగా, తోక విరిగిన నా మూడు, కింద. పైన, ఒక వేలు పైన, తడిగా మెరుస్తున్న నున్నటి చోటు. నేను పొరపాటున ఖాళీగా వదిలిన చోటు. సరైన గీత మీద కొట్టి ఉంటే నా దెబ్బలు కంపెనీ దెబ్బల మీదే పడేవి, కింద నలిగిన ఇనుమంతా మళ్లీ నలిగి కలిసిపోయేది, ఏ ఆసిడ్ పోసినా ఏదీ తేలేది కాదు. అతను అదే అన్నాడు, "ఎవరు కొట్టారో గాని, కింద కొట్టబట్టి బతికిపోయాం. పైన కొట్టుంటే ఏమీ దొరికేది కాదు." మా నాన్నని దొంగని చేసింది ఆ వేలెడు దూరమే. ఇప్పుడు చూడు.

మళ్లీ తడిపాడు. అడ్డగీత. దాని కొస నుంచి ఏటవాలుగా కిందికి ఒక సన్నటి నీడ, నా ఏడులా ఎడమకి ఒరగకుండా, బడిపిల్లలా నిలబడి. ఏడు. అతను చెప్పకముందే నేను చూశాను. దాని పక్కన మూడు, తోకతో సహా. ఆ తర్వాత ఆలస్యమైంది, చాలాసేపు ఏమీ రాలేదు, దూది మీద దూది మారింది, ఆవిడ నీళ్ల సీసా నా చేతికిచ్చింది, తాగాను, ఎప్పుడు తాగానో తెలియదు. తొమ్మిది వచ్చింది. ఆరు వచ్చింది. ఆరంకెలూ కలిసి ఒక్కసారే కనబడ్డాయి, అతను ఫొటో తీసేలోపు నేను వేలు పెట్టి చూపించబోయాను, ఆసిడమ్మా అని చెయ్యి పక్కకి తోశాడు. నాలుగు ఒకటి ఏడు మూడు తొమ్మిది ఆరు. పైన అవే, కింద అవే. మనదే అన్నాడు నాన్న, కళ్లు మూసుకుని, కాలిపోతున్న చేత్తో. ఆయన చేతిని నేను అనుమానించాను. ఆయన ఎప్పుడూ అనుమానించలేదు, నా చేతిని కూడా. తడి ఆరింది, అంకెలు పోయాయి. ఫరవాలేదు, పోనీ.

ఏడవలేదు. ఏడుస్తానని ఆవిడ అనుకుంది, భుజం మీద చెయ్యి వేయబోయి ఆగింది. మా నాన్న ఆ తర్వాత కారు బయటికే తీయలేదండీ, ఎందుకో మాకెప్పుడూ చెప్పలేదు అంది. ఆయనకి అనుమానం వచ్చిందేమో, మరి వస్తే ఎందుకు రాలేదో మా షెడ్డుకి. మా నాన్న తరఫున నన్ను క్షమించండి అంది. మీకప్పుడు ఇరవై మూడో ఇరవై నాలుగో, మీరేం చేశారు అన్నాను. క్షమించడం మాత్రం నా వల్ల కాదు, మా అమ్మ చెప్పు పట్టీ ఎన్నిసార్లు ఊడిందో నేను లెక్కపెట్టలేదు. ఆవిడ తల దించుకుంది. దించుకోనీ, కాసేపు.

అతను అట్ట మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాడు, రాసింది చదివి వినిపించాడు. ఇంజను అసలుదే. కంపెనీ నంబరు గ్రైండింగులో పోయింది, అదే నంబరును తర్వాత గుర్తు తెలియని వ్యక్తి చేత్తో కొట్టారు. ఇంత వంకర ఎందుకు, ఇది అరగదీసి కంపెనీ వాటిలాగే మళ్లీ కొట్టించుకోవచ్చు అని ఆవిడతో అన్నాడు, సలహాగా. అరగదీస్తే ఊరుకోను అన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు. లేతు దగ్గర ఆగిన నోరు అప్పుడు తెరుచుకుంది, దానికి ఇంత కాలం పట్టింది.

"గుర్తు తెలియని వ్యక్తి కాదు," అన్నాను. "నేను. బ్లాకు తెచ్చిందీ నేనే, అంకెలు కొట్టిందీ నేనే. మా నాన్న తను కొట్టానని చెప్పాడు, అది అబద్ధం. ఆయన ఆడింది ఆ ఒక్కటే. అది కూడా రాయండి."

రాయాలంటే రుజువు ఉండాలమ్మా అన్నాడు, మర్యాదగానే. సంచి విప్పాను. తువ్వాలు విప్పాను. అతను మూడు అంకె పంచ్ తీసుకుని కొన భూతద్దంలో చూశాడు, పీట మీద నా మూడుని చూశాడు, మళ్లీ కొన చూశాడు. ఒకసారి కొట్టి చూపిస్తారా అన్నాడు. ఒక అల్యూమినియం రేకు బల్ల మీద పెట్టి, స్కేలు ఆనించి సూదిమొనతో సన్నగా గీత గీసిచ్చాడు. సుత్తి అతనిదే, కాస్త తేలిక, అయినా సర్దుకున్నాను. అరవై ఒకటి నాకు, నా చెయ్యి వణకలేదు. ముప్పై నాలుగేళ్లు గీత తప్పని చెయ్యి. గీతకి ఒక వేలు కింద స్కేలు ఆనించి ఆరంకెలూ కొట్టాను.

మూడు తోక పోల్చుకున్నాడు, తలాడించాడు, కాగితంలో గుర్తు తెలియని అన్న ముక్క కొట్టేసి పైన రాయబోతూ రేకు వైపు మళ్లీ చూశాడు. "గీత పైన ఉంది కదమ్మా," అన్నాడు.

"చూశాను," అన్నాను.